మూడు మిల్లీమీటర్ల వేడి

సవేలీ ప్రోఖరిచ్ పదిహేడో బ్లాకు నేలమాళిగలో మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి గొట్టానికి ఆనించి, లోలోపల అంకెలు లెక్కపెడుతున్నాడు. పన్నెండు దాకా చెయ్యి ఉంచగలిగితే నీళ్ళు ఇంకా వేడెక్కనట్టు, ఏడుకే తీసెయ్యాల్సి వస్తే సరిపోయినట్టు. ఈసారి ఎనిమిదికి తీశాడు. ఫరవాలేదనుకుని, గోడ పట్టుకుని లేచాడు. అరవై రెండేళ్ళ మోకాళ్ళవి, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇలాంటి నేలమాళిగల్లోనే అరిగాయి.

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, మెడ ఉందో లేదో తెలియదు. కుడిచేతి చూపుడు వేలికి గోరు లేదు. మా ఊళ్ళో సగంమందికి అతని పేరు తెలియదు, 'గొట్టాలాయన' అంటే మాత్రం ఎవరైనా చెబుతారు. ఆ రోజుతో అతని ఉద్యోగం అయిపోతోంది.

అయిదు రోజులు వరసగా ఎనిమిది డిగ్రీల లోపు చలి ఉంటే గాని మా దగ్గర ఇళ్ళకు వేడినీళ్ళు వదలరు. ఆ అయిదు రోజులూ ఊరంతా స్వెట్టర్లు తొడుక్కుని వంటింటి పొయ్యి దగ్గర మూగుతుంది, అటూ ఇటూ పోతూ గోడనున్న రేడియేటర్‌ని తడిమి చూసుకుంటుంది. ఈ ఏడు ఆత్రం మరీ ఎక్కువ. కంపెనీవాళ్ళు కరెంటూ వేడీ ఇచ్చే ప్లాంటుని రెట్టింపు చేసి, బొగ్గు మానేసి గ్యాసు మీదికి మార్చారు. ఏటి అవతలి కొత్త పేటకు కూడా గొట్టాలు వేశారు. ఈసారైనా నల్లబడని మంచుని చూస్తామని అందరికీ ఆశగా ఉంది. సవేలీకీ ఉంది, కానీ ఆ ఆశ పక్కనే ఒక ముల్లు కూడా గుచ్చుకుంటోంది.

అతను పదకొండింటికి ఇరవైమూడో బ్లాకు ముందుకొచ్చేసరికి కంపెనీ వ్యాను ఆగి ఉంది. లోపల ఇన్నా వలేర్యెవ్నా ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. కొత్త వ్యవస్థని నడిపించి చూపడానికి యెకాతెరిన్‌బుర్గ్ నుంచి వచ్చిన ఇంజనీరు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, మూడు రోజులుగా నిద్ర లేని మొహం.

"నలభై బ్లాకులు వేడెక్కాయండీ. ఈ ఇరవైమూడొక్కటే మొండికేసింది. ఎంత తోసినా నీళ్ళు రావట్లేదు."

"ఈ లైనుకి ఇదే చివరిదమ్మా. ఎప్పుడూ ఇంతే."

"ఎప్పుడూ ఇంతే అనడానికైతే కొత్త పంపులెందుకు? రోడ్డు కింద గొట్టం నలిగినట్టుంది. రెండింటికి తవ్వే మిషను వస్తుంది. రెండు వారాలు ఈ బ్లాకుకి వేడి ఉండదని మీరు పైకెళ్ళి చెప్పండి, మిమ్మల్నైతే తిట్టరు."

సవేలీ సరేనని మెట్ల వైపు నడిచాడు. గొట్టం నలగలేదని అతనికి తెలుసు.

ప్రతి బ్లాకు నేలమాళిగలో, గొట్టం లోపలికొచ్చేచోట, మధ్యలో బెజ్జం ఉన్న ఇనుప బిళ్ళ ఒకటి ఉంటుంది. ముందున్న బ్లాకులకు చిన్న బెజ్జం, చివరివాటికి పెద్దది. లేకపోతే ముందున్నవాళ్ళే వేడంతా లాగేసుకుంటారు. నలభై ఒక్క బ్లాకుల కొలతలూ సవేలీ చేతిరాతతో ఒక రిజిస్టరులో ఉన్నాయి. కొత్తవాళ్ళు వాటినే కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారు. అందులో, ఇదే లైనులో ముందున్న తొమ్మిదో బ్లాకుకి ఎనిమిది మిల్లీమీటర్లని ఉంది. అసలున్నది పదకొండు.

తొంభై ఏడు శీతాకాలంలో బొగ్గు వ్యాగన్లు రాక రేడియేటర్లు చల్లారిపోయాయి. తొమ్మిదో బ్లాకు రెండో అంతస్తులో అతని భార్య రయీసా ఊపిరితిత్తుల జబ్బుతో దగ్గుతూ ఉండేది. వెచ్చగా ఉంచగలిగితే ఉంచు, మందుల వల్ల అయ్యేదేం లేదని డాక్టరు చేతులెత్తేశాడు. ఒక ఆదివారం సవేలీ నేలమాళిగలోకి దిగి, బిళ్ళ ఊడదీసి, మూడు మిల్లీమీటర్లు తొలిచి మళ్ళీ బిగించాడు. రయీసా ఇంకో ఇరవై ఒక్క ఏళ్ళు బతికింది. ఆమె పోయి ఆరేళ్ళయినా అతను ఆ బిళ్ళ మార్చలేదు. ఉన్నట్టుండి చలెందుకు పెరిగిందని ఇరుగుపొరుగు అడిగితే ఏం చెప్పాలి? రేపు చూద్దాం, రేపు చూద్దాం అనుకుంటూనే ఆరేళ్ళు గడిపేశాడు.

ఇరవైమూడో బ్లాకు మూడో అంతస్తులో ఉలియానా పిన్ని తలుపు తీసింది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఇంట్లోనే కోటు తొడుక్కుని, నడుముకి శాలువా చుట్టుకుని ఉంది. ఇరవై ఏడేళ్ళుగా ప్రతి చలికాలం ఆమె ఫిర్యాదు చెయ్యడం, అతను వచ్చి రేడియేటర్ మర తిప్పి నాలుగు చుక్కలు వదలడం, ఆమె టీ ఇవ్వడం మామూలైపోయింది.

"ఏం సావా, ఈసారి కూడా గొట్టంలో గాలి చేరిందా?" అంది ఆమె ఎప్పటిలా ముద్దుపేరుతో పిలుస్తూ, కప్పు అతని ముందుకు జరుపుతూ.

ఎప్పుడూ అతను చెప్పే అబద్ధమే అది. అవునంటే చాలు. ఆమె వేళ్ళు తన కప్పు చుట్టూ ముడుచుకుని ఉన్నాయి, గోళ్ళు నీలంగా ఉన్నాయి. రాత్రికి మైనస్ నాలుగని రేడియో చెప్పింది. రెండు వారాలు. సవేలీ తన కప్పుని పక్కకి జరిపాడు.

"కాదు పిన్నీ. మళ్ళీ వస్తా," అని లేచి, మెట్లు దిగిపోయాడు.

బయట తడిమంచు పడుతోంది. వ్యాను తలుపు తీసి, ఎక్కకుండా నిలబడే చెప్పాడు.

"తవ్వొద్దమ్మా. గొట్టం బాగానే ఉంది. తొమ్మిదో బ్లాకు బిళ్ళ ఎనిమిది కాదు, పదకొండు."

"రిజిస్టర్లో ఎనిమిదని ఉందే!"

"రాసింది నేనే. తొలిచిందీ నేనే."

"తొమ్మిదిలో ఎవరుంటారు?"

"నేను."

ఇన్నా వలేర్యెవ్నా కంప్యూటర్లో ఎనిమిది కొట్టేసి పదకొండు పెట్టింది. తెర మీద నీళ్ళ ఒత్తిడి చూపే గీత కిందికి జారి, సరిగ్గా ఇరవైమూడో బ్లాకు దగ్గర నేలకానింది.

"మూడు రోజులు!" అని ఆమె నెత్తి కొట్టుకుంది. "మూడు రోజుల నుంచి నా లెక్కనే నేను తిట్టుకుంటున్నానండీ! ఆఖరి రోజున సన్మానం చేద్దామనుకున్నాం. ఇప్పుడు సంజాయిషీ రాయించుకోవాలి."

"రాసిస్తాను."

"రాద్దురుగాని. ముందు బిళ్ళ మార్చండి. ఆ మిషనువాణ్ణి రావద్దంటాను."

వర్క్‌షాపులో ఎనిమిది మిల్లీమీటర్లకి కొత్త బిళ్ళ తొలిచి, రెండుసార్లు కొలిచాడు. తన బ్లాకు వాల్వు కట్టేసి, తుప్పు పట్టిన నాలుగు బోల్టులూ విప్పడానికి గంట పట్టింది. వాల్వు మళ్ళీ తెరిచినప్పుడు గొట్టంలో నీళ్ళు సన్నగా ఈల వేశాయి. పక్క మెట్ల దగ్గర పొరుగింటి గ్రీషా కనిపిస్తే, ఈ ఏడు నుంచి కిటికీలు మూసుకోవాల్సి ఉంటుందని చెప్పాడు. కొత్త ప్లాంటుతో వచ్చిన తంటా అని గ్రీషా కంపెనీని ఒక బూతు తిట్టాడు. తప్పు కంపెనీది కాదని, తనదేనని సవేలీ మొత్తం చెప్పేశాడు.

సాయంత్రం అయిదింటికి ఉలియానా పిన్ని ఇంట్లో రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించాడు. ఆరుకే తీసెయ్యాల్సొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుర్చీలో కూలబడి, జరిగిందంతా ఒక్క వాక్యం కూడా దాచకుండా చెప్పాడు.

ఆమె శాలువా ముడి విప్పుకుంటూ వింది.

"జనవరిలో మీ తొమ్మిదో బ్లాకు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంటాయి. నా వంటింట్లోంచి కనబడతాయి. నాకు కళ్ళు పోయాయనుకున్నావా?"

"తెలుసా నీకు? మరి ఒక్కసారీ అడగలేదేం?"

"అడిగితే మార్చేసేవాడివి. రయీసా దగ్గు ఎవరు వినలేదు కనక? నాకు కోటు తొడుక్కుంటే సరిపోయేది. దానికి సరిపోయేది కాదు."

సవేలీ తల వంచుకునే అడిగాడు.

"మరి అది పోయాక, ఈ ఆరేళ్ళూ?"

"ఆరేళ్ళూ తిట్టుకున్నా. రోజూ పొద్దున్నే, నీ పేరు పెట్టి. మొహం మీద అందామంటే, నువ్వేమో టీ తాగుతూ నేల చూపులు చూసేవాడివి. వాడే చెబుతాడులే అని ఊరుకున్నా." ఆమె జామ్ గిన్నె ముందుకు తోసింది. "నాలుగు రోజులు ఆలస్యంగా చెప్పుంటే నేనే పోయుండేదాన్నేమో. తిను."

అతను తిన్నాడు. రెండో కప్పు టీ కూడా తాగాడు. ఆ ఇంట్లో రెండో కప్పుకి కూర్చోవడం అతనికదే మొదటిసారి. ఆఫీసుకెళ్ళి సంజాయిషీ రాసివ్వాలి, తాళాలు అప్పజెప్పాలి అంటూ లేచి, పిన్నికి వంగి దణ్ణం పెట్టి, మెల్లగా మెట్లు దిగిపోయాడు. ఆ రోజు గొట్టాల పనుల్లో ఆఖరిది అలా అయిపోయింది.

ఉలియానా పిన్ని కోటు విప్పి మేకుకి తగిలించింది. గదిలో ఉక్కపోసినట్టుంటే కిటికీ రెక్క రెండు వేళ్ళంత తెరిచింది. కింద సవేలీ, పడుతున్న మంచులో తల మీద ఏమీ లేకుండా, ఆఫీసు వైపు కుర్రాడిలా గబగబా నడిచిపోతున్నాడు. కేకేద్దామనుకుని, రేపెలాగూ వస్తాడులే అని ఊరుకుంది. రేడియేటర్ మీద అతను ఆరేసి మరిచిపోయిన ఊలు టోపీ, లోపలి వైపు పైకి తిరిగి, సన్నగా ఆవిరి వదులుతోంది.