ఏసుదానం పెట్టిన సంతకం

గజపతినగరం చుట్టుపక్కల ఎవరు నుయ్యి తవ్వించినా వరలు ఏసుదానం యార్డు నుంచే వెళ్ళేవి. రాయగడ రోడ్డు పక్కన ఎకరన్నర స్థలం. అందులో నూతి వరలు, కంచె స్తంభాలు, సిమెంటు కిటికీలు వరసలుగా ఆరుతూ ఉండేవి. కుర్రతనంలో విశాఖపట్నంలో కాంక్రీటు తట్టలు మోసి, ముప్పయ్యో యేట ఒకే ఒక్క ఇనప అచ్చుతో తిరిగివచ్చి మొదలుపెట్టిన పని అది. అరవై దాటేసరికి ముప్పయ్యెనిమిది మందికి కూలి చూపించేవాడయ్యాడు. వాళ్ళలో ఎక్కువమంది అతని బాప్టిస్టు సంఘంవాళ్ళే.

ఏసుదానం తండ్రి నరసింగరావు ఇంట్లో కంబారి, అంటే పాలేరు. పొలం పని చేసి, పెరట్లో ఆకు వేసుకుని తిని, చీకటి పడకముందే పేటకు వచ్చేసేవాడు. నరసింగరావుది పాత రైతు కుటుంబం. రైసుమిల్లు ఉంది, ఊళ్ళో ఏ కమిటీ వేసినా ఆయనే పెద్ద. ఏసుదానం ఎంత సంపాదించినా ఆ ఇంటి మెట్టు ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో ఆ మెట్టు ఎక్కాడు. శవాన్ని ముట్టుకునే నాథుడు లేని రోజులవి. ఏసుదానం తన ట్రాక్టరు తీసి, నలుగురు పనివాళ్ళను వెంటబెట్టుకుని, కులం మతం అడక్కుండా పందొమ్మిది మందిని సాగనంపాడు. అందులో నరసింగరావు అన్నగారు ఒకరు. నెల తిరిగాక నరసింగరావు కబురుపెట్టాడు. వరండాలో కుర్చీ వేయించి, "కూకోండి ఏసుదానంగోరూ" అన్నాడు. అంతకుముందు ఆయన నోట "ఒరే ఏసూ" తప్ప ఇంకో పిలుపు లేదు. కాఫీ గాజుగ్లాసులో వచ్చింది. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఏసుదానం చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

పట్టణాభివృద్ధి సంఘానికి అతన్ని ఉపాధ్యక్షుడిని చేశారు. అతను ఒళ్ళు దాచుకోలేదు. బస్టాండులో సిమెంటు బెంచీలు వేశాడు. హైస్కూలు గోడ కట్టాడు. మురుగుకాలవల మీద పలకలు పరిచాడు. పేపర్లో ఫోటో పడిన రోజు భార్య సత్యవతి దాన్ని కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది.

రెండేళ్ళు గడిచాక కూరగాయల మార్కెట్టు మాట వచ్చింది. సంత రోడ్డు మీదే జరిగేది, లారీల కింద ఇద్దరు పోయారు. కొత్త మార్కెట్టుకు రోడ్డు పక్కన ఉన్న జాగా ఒక్కటే, అది క్రైస్తవుల సమాధుల తోట.

"దానికి బదులు మీకు కొండకింద సర్కారు జాగా ఎకరం ఇప్పిస్తాను. పూచీ నాదే అనుకోండి" అన్నాడు నరసింగరావు. "మీ చర్చి సంఘానికి మీరే కార్యదర్శి. మీ మాట మీవోళ్ళు కాదంటారేటి?"

ఏసుదానం కాదనలేదు.

ఆ సాయంత్రం అతని అక్క స్వర్ణ యార్డుకు వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే.

"సంతకం పెట్టేసినావేటిరా?"

"ఇంకా లేదక్కా. ఆదివారం గుడిలో సెప్పి పెడతాను."

"కొండకింద ఎకరం మన పేరున రాసిచ్చినారా?"

"ఇస్తారు. నరసింగరావుగోరు మాటిచ్చినారు."

"కాగితం సేతికొచ్చినాక పెట్టు. అంతవరకు ఎవులడిగినా పెట్టకు."

"పెద్దోళ్ళని కాగితం అడిగితే బాగోదే అక్కా. మనల్ని నమ్మి కూకోబెట్టినారు."

"నీ నమ్మకంతో ఆళ్ళకేటి పనిరా? ఆళ్ళకి జాగా కావాల" అంది స్వర్ణ. ఏసుదానం పనివాళ్ళను కేకేస్తున్నట్టు అటు తిరిగాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి చెప్పాడు. ఊరు బాగుకోసమన్నాడు, ఊళ్ళో మన పరువు పెరుగుతుందన్నాడు. ఎవరూ ఎదురుచెప్పలేదు. తనమీద గౌరవం కొద్దీ ఒప్పుకున్నారనుకున్నాడు. అక్కడ కూర్చున్న మగవాళ్ళలో సగం మందికి మర్నాడు పొద్దున్న తన యార్డులోనే పని ఉందన్న సంగతి అప్పుడతనికి తట్టలేదు.

కొండకింద జాగా కాగితం చేతికి రాకుండానే మర్నాడు సంతకం పెట్టేశాడు. వారం తిరక్కుండానే సమాధుల తోటలో పొక్లెయినర్ దిగింది. పైకి వచ్చిన ఎముకల్ని గోతాల్లో కట్టి, పేర్లు రాసి, చర్చి వెనక గదిలో పెట్టారు. కొండకింద జాగా రాగానే పాతిపెట్టాలని పాస్టరు స్టాన్లీగారు చెప్పారు. ఏసుదానం తండ్రి గోతం కూడా అక్కడే ఉంది.

మార్కెట్టు లేచింది. ప్రారంభం రోజున ఏసుదానానికి మూడో దండ వేశారు. జాగా మాత్రం రాలేదు. ఫైలు విజయనగరంలో ఉందన్నారు, సర్వే కావాలన్నారు, వచ్చేనెల అన్నారు. ఏడాదిలో సంఘంలో నలుగురు పోతే నాలుగు పెట్టెల్నీ చుట్టాల ఊళ్ళకు మోసుకుపోయారు. జనం ఏసుదానాన్ని చూసి తల దించుకుని పోవడం మొదలుపెట్టారు. స్వర్ణ తమ్ముడి గుమ్మం తొక్కడం మానేసింది.

తర్వాతి మాఘమాసంలో ఒక ఉదయం స్వర్ణ గుండె ఆగి పోయింది.

ఏసుదానం ఎవరి మాటా వినలేదు. పెట్టెను ట్రాక్టరు మీద పెట్టించి సరాసరి కొండకిందికి తీసుకెళ్ళాడు. అక్కడి గ్రామస్థులు బాటకు అడ్డంగా నిలబడ్డారు. ముందున్న మనిషి అతనికి తెలిసినవాడే, రెండు నూతులకు వరలు కొన్నవాడు.

"మీరు మంచోరే ఏసుదానంగోరూ. కాదనను. కానీ మా మంచినీళ్ళ టాంకీ ఇక్కడే ఉన్నాది. ఈ జాగా మీకిస్తామని మాకెవులూ సెప్పలేదు. మమ్మల్నెవులూ అడగలేదు."

నిజమే. తనూ అడగలేదు. ఏసుదానం పక్కకు వెళ్ళి నరసింగరావుకు ఫోన్ చేశాడు. నాలుగోసారికి ఎత్తాడు.

"అయ్యో, పాపం. సానా మంచి మనిషి" అన్నాడు నరసింగరావు. "ఈ పాలికి విజయనగరంలో సూసుకోండి. అక్కడ మీవోళ్ళ సమాధులు బోలెడున్నాయి కదా. ఒక్కటి, జనాన్నేసుకుని మార్కెట్టు కాడికి మాత్రం రాకండి. ఇవేళ సంత."

ఏసుదానం ట్రాక్టరు తిప్పమన్నాడు. యార్డు గేటు దగ్గర ఆపించి లోపలికి వెళ్ళాడు.

"వరలు ఇటు దొర్లించండి. అచ్చులు పక్కకి తియ్యండి."

"ఇక్కడేటయ్యా?" అంది సత్యవతి. "రేపు నీ దగ్గర ఎవులు కొంతారు?"

అతను గునపం అందుకున్నాడు. ఎండ వాలేలోపు సిమెంటు దుమ్ముతో గట్టిపడిన ఆ నేలలో అక్కను పూడ్చిపెట్టాడు. అదే వారం చర్చి గదిలోని గోతాలన్నీ తెచ్చి వరసగా పాతించాడు.

సత్యవతి అన్నంతా అయింది. సమాధుల మధ్య ఆరిన వరను నూతిలో దింపితే ఆ నీళ్ళు ఎవరు తాగుతారని రైతులు వెనక్కి పోయారు. వేరేచోట జాగా చూద్దామనుకున్నాడు గానీ, అతనికి అమ్మేవాళ్ళెవరూ ముందుకు రాలేదు. మూడు నెలల్లో పని ఆగిపోయింది. ముప్పయ్యెనిమిది మందీ చెల్లాచెదురయ్యారు. పట్టణాభివృద్ధి సంఘం కొత్త ఉపాధ్యక్షుడి పేరు వాట్సాప్‌లో వచ్చింది. ఏసుదానం యార్డును చర్చి పేరున రిజిస్ట్రీ చేయించాడు. గేటు మీద దాత పేరు రాయిద్దామని స్టాన్లీగారు అంటే సంఘంలో ఒకరూ ఒప్పుకోలేదు.

"ఏటి దానమండీ? తీసుకున్నది తిరిగిచ్చినాడు. మా పని కూడా పోగొట్టినాడు" అన్నారెవరో వెనకనుంచి. ఆ మాట ఏసుదానం విన్నాడు.

ఆషాఢంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ప్రకాష్ వచ్చాడు. ఇరవై యేళ్ళు యార్డులో అచ్చులు పోసినవాడు. ఇప్పుడు విశాఖపట్నంలో తాపీపని చేస్తున్నాడు. గొడుగు లేకుండా వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మ పోయింది. గేటు తాళం ఇయ్యండి."

ఏసుదానం లేచి చొక్కా అందుకున్నాడు. "పద. నేనూ వస్తాను. మీ నాన్న పక్కనే తవ్వుదుం. ఆ వరస నాకు గురుతున్నాది."

"మీరు రావద్దు" అన్నాడు ప్రకాష్.

"ఏటిరా?"

ప్రకాష్ మొహం మీది వాన తుడుచుకున్నాడు. "నాన్న ఏడాదిన్నర గోతంలో ఉన్నాడు కదా. పోయేముందు అమ్మ మాట తీసుకున్నాది. నా పెట్టె మీద ఏసుదానం మన్నెయ్యకూడదు అన్నాది."

ఏసుదానం చొక్కాను మళ్ళీ మేకుకు తగిలించాడు. తాళంచెవి తెచ్చి ప్రకాష్ చేతిలో పెట్టాడు. లోపలినుంచి సత్యవతి గొడుగు తీసుకుని బయటికి వచ్చి, మొగుడి మొహం చూడకుండా ప్రకాష్ వెనకే నడిచింది.