ఊఁ కొట్టేంత వేగం

ఆయాసం మాస్టారు తడిగుడ్డతో ఓ సైకిలు హ్యాండిలు తుడుస్తూ, పక్క సైకిలు తొక్కుతున్న పోస్టుమాస్టరుకు కథ చెబుతున్నాడు. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉండే సైకిళ్ళవి. ఆయన అసలు బిరుదు వ్యాయామం మాస్టారు. కసరత్తుశాల మేడమీద కావడంతో, వచ్చేవాళ్ళు సగం ఊపిరి మెట్లమీదే వదిలేసి, మిగిలిన సగంతో "ఆయాసం మాస్టారూ" అనేవారు. ఆ పేరే నిలిచింది.

సన్నటి మనిషి. మోచేతుల దగ్గర వెలిసిన నీలం చొక్కా, మెడలో ఈల. ఆ ఈల ఊదగా విన్నవాళ్ళు లేరు. "కసరత్తంటే కసరడం కాదు" అనేవాడు. వేగం కొలవడానికి ఆయన దగ్గరున్న పరికరం కథ ఒక్కటే. తొక్కేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ రాగం తీస్తే పెడళ్ళ బిగువు పెంచేవాడు. ఊఁ తెగితే తగ్గించేవాడు. "మెల్లగా తొక్కితే సైకిలు అరుగుతుంది, మరీ గట్టిగా తొక్కితే మనిషి అరుగుతాడు. మధ్యస్తంగా తొక్కితేనే తిన్నది అరుగుతుంది."

అంతలో మాస్టారి అన్నయ్య వచ్చి కిటికీ పక్క సైకిలెక్కాడు. లారీ డ్రైవరు. పోయిన వేసవిలో గుండె మొరాయించింది. మళ్ళీ స్టీరింగు పట్టాలని పట్టుదల. పట్టుదలే గాని పట్టు లేదు. ఇంకోసారి మొరాయిస్తే లాగలేమని డాక్టరు తమ్ముణ్ణి పక్కకు పిలిచి చెప్పాడు. టాప్ గేరు తప్ప మరోటి ఎరగని అన్నయ్యకు ఆ మాట చెప్పే ధైర్యం లేక, తమ్ముడు కథ ఎత్తుకున్నాడు.

"ఒరేయ్, బిగువు పెంచరా! చెమట పట్టందే కసరత్తేంటి?"

"చెమటే కావాలంటే ఎండలో నిలబడన్నయ్యా. మిల్లు వెనక సందు గుర్తుందా?"

"ఊఁ."

మధ్యాహ్నం మిల్లు కూత వినపడగానే నాన్నకు క్యారియర్ పట్టుకుని ఇద్దరూ పరిగెత్తే సందు అది. గోడ పొడుగునా నూనె వాసన, గాలిలో దూదిపింజలు. ముందు అన్నయ్య, గిన్నెల గలగల. వెనక తమ్ముడు, నీళ్ళచెంబు తొణక్కుండా. అన్నయ్య చొక్కా వీపు తప్ప తమ్ముడికి ఆ సందులో ఇంకేమీ కనపడేది కాదు. ఆ తర్వాత బతుకంతా ఆ వీపు చూసుకునే నడిచాడు. దారి తప్పలేదు.

చెబుతూనే చెవి ఒగ్గాడు. ఊఁలు సరైన చోటే పడుతున్నాయి, కానీ పళ్ళ మధ్య నుంచి వస్తున్నాయి. అన్నయ్య దొంగ ఊఁలు కొడుతున్నాడా?

"ఓ రోజు గేటు దాకా పందెం వేసుకున్నాం. నేనే గెలిచాను."

"ఊఁ."

మాస్టారు ఒక్క గెంతున వచ్చి బిగువు వదులు చేశాడు.

"ఆపన్నయ్యా!"

"ఏ... ఏమైందిరా?"

"నేను గెలిచానంటే ఊఁ కొట్టావు! నీకు ఊపిరాడటం లేదు!"

పోస్టుమాస్టరు పకపకా నవ్వాడు. అన్నయ్య హ్యాండిలు మీద వాలి, నవ్వబోయి దగ్గి, కాసేపటికి నిటారుగా కూర్చున్నాడు.

"గాడిదా, ఏనాడైనా గెలిచావుట్రా నువ్వు?"

"అదీ! నన్ను తిట్టేంత ఊపిరి మిగిలిందే, అదీ నీ వేగం. అది దాటావో, అన్ని పందేలూ నేనే గెలిచానని ఊరంతా చెబుతా."

ఆ మాటకు అన్నయ్య లొంగాడు. తమ్ముణ్ణి తీరిగ్గా తిడుతూ, తీరిగ్గా తొక్కాడు. బుగ్గల్లోకి మెల్లగా రంగు వచ్చింది. దిగేటప్పుడు, "మిగతా కథేంట్రా?" అన్నాడు.

"రేపు."

శాల సర్దుకుని ఇంటికి వెళ్ళి, భోంచేసి, మాస్టారు నడుం వాల్చాడు. టీ చల్లారుతోందని భార్య రెండుసార్లు పిలిచింది. దగ్గరికి వచ్చి భుజం తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"నన్ను ఆగమని తను పరిగెత్తాడమ్మా" అన్నాడు అన్నయ్య, మరదలి ముందు కూలబడి. "ఈసారి నిజంగానే గెలిచాడు."

పదిరోజుల తర్వాత తమ్ముడి సామాను తీసుకురావడానికి అన్నయ్యే మేడ ఎక్కాడు. మెట్టు మెట్టుకీ ఆగి, ఊపిరి అందాకే ఇంకో మెట్టు. తలుపు తీశాడు. కిటికీ పక్క సైకిలు సీటు మీద, మర్నాడు వచ్చే మనిషికి ఒత్తుకోకుండా, నాలుగు మడతలు వేసి పరిచిన తువ్వాలు ఉంది.