మెడ వెనక ఎర్రదారం

లాండ్రీలో పిన్ని చెయ్యి ఇస్త్రీ రోలర్లోకి పోయినప్పుడు నేను ఆమెకు పదడుగుల దూరంలో ఉన్నాను. ఆస్పత్రి నుంచి వచ్చిన దుప్పట్లు ఎన్నో రాసుకుంటున్నాను. మొదట దుప్పటి పోయింది. దాని వెంట వేళ్ళు, వేళ్ళ వెంట మణికట్టు. ఆమె కేక పెట్టలేదు. "ఆపండే, ఆపండే" అని మామూలు గొంతుతోనే రెండుసార్లు అంది, పక్కింటివాళ్ళతో చెప్పినట్టు. బాయిలర్ మావయ్య పరిగెత్తుకొచ్చి ఆవిరి కట్టేసేసరికి ఆలస్యమైపోయింది.

ఆ రోలరుకి ముందు ఒక అడ్డురేకు ఉండేది. చేతులు లోపలికి పోకుండా కాపాడేది అదే. పెద్ద దుప్పట్లు దానికి తగులుకుని పని నెమ్మదిస్తోందని కాంట్రాక్టరు తీయించేశాడు. పిన్నిని ఆస్పత్రికి తీసుకుపోయిన గంటకి ఆయన వచ్చాడు. నేల మీద నీళ్ళు బూట్లకి అంటకుండా మునివేళ్ళ మీద నడిచాడు.

"ఆవిడ ఇవాళ డ్యూటీలో లేదు. ఎవరినో చూడ్డానికొచ్చి మిషన్లో చెయ్యి పెట్టింది. హాజరు పుస్తకం ఇటివ్వమ్మా."

ఇచ్చాను. రెండు చేతులతో ఇచ్చాను. మా ఇంట్లో మూడు తరాలుగా ఊరివాళ్ళ బట్టలుతికారు. డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. కుర్చీలో కూర్చున్న మనిషి ఏదడిగినా లేచి నిలబడి ఇవ్వడం బడిలోనే అలవాటైంది నాకు. ఆయన ఆ రోజు పేజీ చింపి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "చదువుకున్నదానివి, నీకు వేరే చెప్పాలా" అని నవ్వాడు.

లాండ్రీలో నన్ను అందరూ 'డిగ్రీ' అంటారు. ఆ సాయంత్రం ఎవ్వరూ అలా పిలవలేదు.

వారం తర్వాత, బట్టలారేసే డాబా మీద, తడి దుప్పట్ల మధ్య మీటింగు పెట్టుకున్నాం. నలభై రెండు టోకెన్లు, అంటే నలభై రెండు మంది మనుషులు. నేను ఆఫీసు మనిషిని కాబట్టి నాకు టోకెన్ లేదు. ఓ పక్కన నిలబడ్డాను.

"కంప్లయింటిస్తే రేపు గేట్లోకి రానిస్తాడా వాడు?"

"రానివ్వకపోతే రోలరెవడు తిప్పుతాడు? వాడే తిప్పుకుంటాడా?"

"తిప్పుకోమనవే. వాడికీ చేతులు రెండున్నాయిగా!"

నవ్వులు లేచి వెంటనే ఆగిపోయాయి. పిన్ని అక్కడే కూర్చుని ఉంది, మోచేతి కింద గుడ్డ చుట్టుకుని.

బాయిలర్ మావయ్య లేచాడు. ఒకటో నంబరు టోకెన్ ఆయనది. వరసకి ఎవరికీ ఏమీ కాడు, అందరికీ మావయ్యే. "ఆ రేకు విప్పింది నేనే. వద్దయ్యా అంటూనే విప్పాను. వాడు చెప్పాడు, నేను స్క్రూలు తిప్పాను. ఆ మాట లేబరాఫీసులో నేనే చెప్తాను. నాకే శిక్ష పడితే పడనీ. ఆ అమ్మాయి ఆ రోజు పనిలో ఉందని మాత్రం కాయితం మీద పడాలి."

లేబరాఫీసులో విచారణ ఆపై సోమవారానికి పడింది. ఆ కబురు వచ్చిన మర్నాటినుంచే మా సందులో కొత్త మొహాలు కనిపించాయి. ఒకడు బస్టాపులో నిలబడి పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకే పేపరు చదివేవాడు. ఇంకొకడు గేటు ఎదుట సైకిలు బాగుచేసుకునేవాడు.

"మూడ్రోజుల్నించీ అదే టైరు. సైకిలు సంగతేమో గానీ పాపం ఆ పంపు అరిగిపోతోంది" అంది దారం పెద్దమ్మ. బట్టల మీద గుర్తులు కుట్టడం ఆమె పని. ప్రతి ఖాతాకీ ఒక గుర్తుంటుంది. కాలరు లోపల ఎర్రదారంతో కుడుతుంది. ఏ మూట ఎక్కడికి పోవాలో దాన్ని బట్టే తెలుస్తుంది. పోలీసు శాఖ యూనిఫాంలకి రెండు అడ్డగీతలు. అదే శాఖనుంచి విడిగా వచ్చే మామూలు చొక్కాల మూటకి మూడు.

మంగళవారం ఆ మూడుగీతల మూట విప్పుతుంటే ఒక గళ్ళ చొక్కా జేబులో అట్టముక్క దొరికింది. జేబుల్లో దొరికినవన్నీ నా దగ్గరికి వస్తాయి. నేను పుస్తకంలో రాసి, కవర్లో పెట్టి, బట్టలకంటే ముందే, అదే రోజు తిప్పి పంపాలి. అది రూలు.

కొత్తవాడెవడో మర్చిపోతానన్న భయంతో రాసుకున్నట్టుంది. బడిపిల్లల గుండ్రని చేతిరాత. గొడుగు నాది అంటే మనిషి నా చూపులో ఉన్నాడని. గొడుగు నీది అంటే చూపు నువ్వు అందుకోమని. మబ్బు అంటే మనిషి కదిలాడు. వాన అంటే పట్టుకోండి. ఎండ అంటే వదిలేసి వెనక్కొచ్చేయండి. అట్టకి రెండోవైపు మనుషులున్నారు. పొగ: బాయిలర్ మనిషి. సూది: ముసలామె. పుస్తకం: గుమాస్తా పిల్ల. ఆ పైన, అన్నిటికంటే ముందు, గాజులు: చెయ్యి పోయినామె.

గాజులట. ఆమె కుడి మణికట్టు రోలరు మింగేశాక పెట్టిన పేరు అది.

చదివాను. అర్థమైంది. అర్థం కాలేదని ఇవాళ చెప్పుకోవచ్చు, కానీ అబద్ధమవుతుంది. కవర్లో పెట్టాను. 'అట్టముక్క ఒకటి' అని రాశాను. తిప్పి పంపాను. ఎవరికీ చెప్పలేదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున మా అమ్మ వీధంతా తిరిగి చెప్పుకుంది. ఆమె మొహమే గుర్తొచ్చింది నాకు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి షిఫ్టు మొదలవుతోంది. బాయిలర్ మావయ్య టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వస్తున్నాడు. బస్టాపులో పేపరువాడు కాలరు సర్దుకున్నట్టుగా తల వంచాడు. నేను వాడి పక్కనుంచే నడుస్తున్నాను.

"వాన" అన్నాడు వాడు, మెల్లగా.

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎక్కడినుంచి వచ్చిందో ఒక వ్యాను వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. రోడ్డు మీద టిఫిన్ డబ్బా దొర్లుతూ ఉంది. మావయ్య అన్న మాట సగమే వినిపించింది: "ఏమిరా, నేనేం..."

స్టేషనుకి వెళ్ళి అడిగితే, అలాంటి మనిషెవరూ ఇక్కడ లేరన్నారు. మా కళ్ళముందే తీసుకెళ్ళారయ్యా అంటే, మీరు చూసింది ఎవరినో అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం ఇస్త్రీ హాలు మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. రోలర్లు ఆగి ఉన్నాయి. అన్నం గంట.

"మావయ్యని పట్టుకుంటారని నాకు ముందే తెలుసు" అన్నాను.

చెప్పింది మొత్తం విన్నారు. ఎవరో చేతిలో అన్నం డబ్బా నేలకేసి కొట్టారు.

"తెలిసీ మూసుక్కూచున్నావా?"

"రూలంటుందమ్మా! రూలు ప్రకారం మనిషిని పంపించేసింది!"

"హాజరు పుస్తకం ఇచ్చింది ఇదే. ఆ అట్టముక్క ఇచ్చింది ఇదే. దీని చదువు తగలెయ్యా, ఇవ్వడం తప్ప ఇంకేమీ నేర్పలేదా?"

నేను తల వంచుకోలేదు. తల వంచుకుంటే అది కూడా నటనే అవుతుంది. పిన్ని ఎడమచేత్తో నా జబ్బ పట్టుకుని కుదిపింది. "ఆ అట్టముక్కలో ఏముందో మొత్తం గుర్తుందా నీకు?"

ఉంది. బట్టీ పట్టడం ఒక్కటే మా బడి నాకు గట్టిగా నేర్పింది. మొదటి అక్షరంనుంచి చివరిదాకా అప్పజెప్పాను. 'గాజులు' దగ్గర ఆగబోతే, "చెప్పవే, నాకేం సిగ్గు, సిగ్గుపడాల్సింది వాళ్ళు" అంది పిన్ని.

"నేను సూదినట!" అంది దారం పెద్దమ్మ. "పేరు పెట్టడం బాగానే వచ్చు వెధవలకి."

ఆ మూట ఇంకా మా దగ్గరే ఉంది. ఇరవై ఆరు చొక్కాలు, శనివారం పంపాలి. చింపేద్దామన్నారు కొందరు. బాయిలర్లో వేద్దామన్నారు ఇంకొందరు. పెద్దమ్మ గళ్ళ చొక్కా ఒకటి తీసి ఒళ్ళో పరుచుకుంది. గుడ్డని వేళ్ళతో నిమిరింది.

"చింపితే ఇంకోటి కొనుక్కుంటాడు. అది మనకి తెలియని చొక్కా అవుతుంది. ఇవన్నీ మనకి తెలుసు. ఏది ఎక్కడ మాసిందో, ఏ గుండీ ఎప్పుడు ఊడిందో. వాళ్ళ పెళ్ళాలకి కూడా ఇంత తెలీదు." సూది అందుకుంది. "గుర్తు లోపల కదా కుడతాం. ఈసారి బయటికి కుడదాం. కాలరు కింద, మెడ వెనక. చొక్కా తొడుక్కునేవాడు వాడి మెడ వాడు చూసుకోగలడా?"

"పక్కవాడు చూస్తే?"

"చూస్తే లాండ్రీ గుర్తనుకుంటాడు. లాండ్రీ గుర్తే కదా!"

లోపలి దారం విప్పడానికి ఎనిమిదిమంది, బయట కుట్టడానికి ఆరుగురు కూర్చున్నారు. శనివారం మూట వెళ్ళిపోయింది. పంపినట్టు పుస్తకంలో నేనే రాశాను.

ఆదివారం ఆ మాట సందులు దాటింది. బస్సు కండక్టర్లకి చెప్పాం. లేబరాఫీసు వీధిలో కూరలమ్మేవాళ్ళకి చెప్పాం. నేను చదివిన కాలేజీకి వెళ్ళి నా తర్వాతి పిల్లలకి చెప్పాను. మెడ వెనక మూడు ఎర్రగీతలు. అంతే.

సోమవారం పదిన్నరకి పిన్ని ఇంట్లోంచి బయటికొచ్చింది. పక్కన నేనూ పెద్దమ్మా ఉన్నాం. మందుల షాపు దగ్గర ఒకడు గోడకి ఆనుకుని ఉన్నాడు. అటు వెళ్ళాం, మెడ చూశాం. ఉంది. బస్టాపులో ఇద్దరున్నారు. ఇద్దరికీ ఉంది. అంతవరకూ గుంపులో కలిసిపోయిన మనుషులు, ఉతికిన బట్టలో వదలని మరకల్లా బయటపడ్డారు.

ప్రతివాడి వెనకా పదిమంది చేరారు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఊరికే దగ్గరగా నిలబడ్డారు.

"ఏం తమ్ముడూ, గొడుగు నీదేనా?" అంది ఒకామె గట్టిగా.

వాడి మొహం పాలిపోయింది.

"నీది కాకపోతే పక్కాయనకివ్వు నాయనా. మబ్బు కదులుతోంది, చూడు!"

బస్సు కిటికీలోంచి కండక్టరు కేకేశాడు. విద్యార్థులు అందుకున్నారు. కాలరులో దాచిన మైకుకి దగ్గరగా నోరు పెట్టి వాడు "వాన" అనబోయాడు. వాడి చుట్టూ పాతిక గొంతులు ఒక్కసారిగా లేచాయి: "ఎండ! ఎండ! ఎండ!" ఎవడు మీట నొక్కినా మా గొంతే పోతోంది. వీధి మలుపులో వ్యాను కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలి మమ్మల్ని దాటుకుని ముందుకి పోయింది. పొరపాటు తెలుసుకుని తిరిగి రావడానికి దానికి పది నిమిషాలు పట్టింది. లేబరాఫీసు మెట్లెక్కడానికి మాకు ఆరు నిమిషాలు చాలు.

విచారణాధికారి గది చిన్నది. ముందు మేం ముగ్గురం, వెనక మిగతా టోకెన్లు, మెట్లమీద పిల్లలు. కాంట్రాక్టరు ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు టీ కప్పు.

"హాజరు పుస్తకంలో ఆ రోజు పేజీయే లేదు. పనిలో ఉందనడానికి రుజువేది?" అన్నాడు అధికారి.

"పేజీ ఈయన చింపారు" అన్నాను. "పుస్తకం అందించింది నేను. ఆ పొద్దున హాజరు రాసింది కూడా నేనే. చూడకుండా చెప్తాను, రాసుకోండి."

మొదలుపెట్టాను. "రెండు."

"ఉన్నాను" అంది తలుపు దగ్గరనుంచి ఒకామె.

"మూడు."

"ఉన్నాను."

ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చారు. తొమ్మిది దగ్గర పెద్దమ్మ. పదిహేడు అన్నాను. పిన్ని కుడిచేతి గుడ్డ విప్పింది. మిగిలిన మొండిచేతిని బల్లమీద, టీ కప్పు పక్కన పెట్టింది.

"ఉన్నాను" అంది.

కాంట్రాక్టరు కప్పు పక్కకి జరుపుకున్నాడు. నలభై రెండుదాకా వెళ్ళి ఆగాను.

"ఒకటి?" అన్నాడు అధికారి, తనకి తెలియకుండానే.

ఎవరూ పలకలేదు. తర్వాత గదంతా ఒకే గొంతైంది: "మీవాళ్ళ దగ్గరున్నాడు!"

న్యాయం జరిగిందని రాయాలని నాకూ ఉంది. జరగలేదు. అధికారి కలం మూత పెట్టి, పరిశీలిస్తామన్నాడు, నెలరోజులు వాయిదా వేశాడు. కాంట్రాక్టరు కారెక్కి వెళ్ళిపోయాడు. మావయ్య జాడ ఇంకా తెలియలేదు.

మెట్ల కింద నాకోసం వ్యాను కాచుకుని ఉంది. శాఖ రహస్యాలు బయటపెట్టానట. నా చెయ్యి పట్టుకున్నది గళ్ళ చొక్కావాడే. చిన్నవాడు, నా వయసే ఉంటుంది. వాళ్ళింట్లోనూ మొదట చదువుకున్నది వాడేనేమో. నన్ను లోపలికి తోసి ముందుకి వంగినప్పుడు వాడి మెడ మీద పెద్దమ్మ కుట్టు కనిపించింది. బాగా కుట్టింది. ఉతుకులకి ఊడదు.

"పుస్తకం దొరికిందా?" అని అడిగింది ముందు సీట్లో రేడియో.

"దొరికింది" అన్నాడు వాడు.

తలుపు మూస్తుంటే బయటినుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. హాజరు పిలుస్తోంది, నాకంటే గట్టిగా. నలభై, నలభై ఒకటి, నలభై రెండు. ప్రతి నంబరుకీ ఒక గొంతు పలుకుతోంది. అక్కడితో అయిపోవాలి. మా లాండ్రీలో అంతకుమించి టోకెన్లు లేవు.

"నలభై మూడు!" అంది పెద్దమ్మ.

వీధిలో తలలన్నీ వ్యాను వైపు తిరిగాయి. ఆ నంబరు ఎవరిదో నాకు అర్థమయ్యేసరికి వ్యాను కదిలింది. కిటికీ ఇనుప జాలీకి మొహం ఆనించి, గొంతు పగిలేలా అరిచాను:

"ఉన్నాను!"