హమూద్ చిన్న చక్రాలు

ముక్బిల్ మోకాలితో టైరును అదిమిపట్టి, ఇనుపకడ్డీతో దాని అంచును రింగు మీదినుంచి ఎగదీశాడు. పొద్దున్నే మొదలుపెట్టిన పని ఇంకా తెమలలేదు. వేళ్ళ సందుల్లోని రబ్బరు నలుపు సబ్బుకు లొంగడం మానేసి ఏళ్ళయింది. కొండ కింద సంత చివర రేకుల కొట్టు, ఒక గాలి మిషను, పంచర్లు చూసే నీళ్ళ తొట్టి. నడివయసు దాటినా అతని బతుకు ఇంతే. పెళ్ళాం పురిట్లోనే పోయింది. మళ్ళీ పెళ్ళి మాటెత్తితే ఒంటికి రబ్బరు కంపని నవ్వేసేవాడు. లోకంలో అతనికున్నదల్లా చెల్లెలు తఖియ్యా, ఆమె మొగుడు హమూద్, ప్రతి గురువారం ఆమె కొండ దిగి తెచ్చే రొట్టెల మూట.

హమూద్ డ్రైవరు. కొండమీది ఊరికంతటికీ బండి అతనిదొక్కటే. ఈసారి వరద వాగు దారిని కోసేయడంతో బండి పొట్ట రాళ్ళకు గీసుకుపోతోంది. పెద్ద చక్రాలు వేయమని ప్రాణం తోడేశాడు. ఊళ్ళో పిండి నిండుకుందని విన్నాకే ముక్బిల్ ఒప్పుకున్నాడు.

"ఎక్కేటప్పుడు మెచ్చుకుంటావు బావా, దిగేటప్పుడు తిట్టుకుంటావు. చక్రం పెరిగితే బ్రేకు మీద బరువు పడుతుంది. ఇంజనూ మునుపటిలా పట్టి ఉంచదు. మొదటి గేరులోనే దిగు."

"అబ్బో, మొదలెట్టాడయ్యా! ఈ కొట్టు మూసేసి మసీదులో ప్రసంగాలు చెప్పుకోరాదూ?"

"వెక్కిరించు, వెక్కిరించు. ఆ స్పీడు ముల్లునీ నమ్మకు. దానికి పాత చక్రాల లెక్కే తెలుసు. అది ముప్పై అందంటే బండి అంతకంటే జోరుగా పోతున్నట్టే."

హమూద్ పగలబడి నవ్వాడు. "మరీ మంచిది! మీ చెల్లెలు పక్కన కూర్చుని ఆ ముల్లుకే కాపలా కాస్తుంది. ముప్పై దాటిందా, నా చెవులు తినేస్తుంది. ఈ సంగతి దానికి చెప్పావో, నీ రొట్టెలు బందు!"

ముక్బిల్‌కీ నవ్వొచ్చింది. చెల్లెలి నస అతనికి తెలియనిదా! "చెప్పన్లే, పో," అన్నాడు.

స్టీరింగు పూర్తిగా తిప్పితే కొత్త టైరు రేకుకు రాసుకుంటోంది. ముక్బిల్ సుత్తి తీసుకుని ఆ అంచును లోపలికి కొట్టాడు. హమూద్ పాత చక్రాలను గోడకు ఆనించి, సుద్దతో ఒక్కోదాని మీదా తన పేరు రాసుకున్నాడు. "దారి బాగుపడగానే ఇవే వేసుకుంటా. ఎవడికైనా అమ్మావో చూడు!"

పిండి బస్తాలతో బండి వాగు దాటింది. ఒక్క రాయీ తగల్లేదు. అవతలి ఒడ్డున హమూద్ గర్వంగా హారన్ మోగించాడు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక ముక్బిల్ ఒక పంచరు వేశాడు, మోకాలికి నూనె రాసుకున్నాడు. గురువారం కదా, రొట్టెల్లోకి టీ పెట్టాడు. టీ పొంగేలోపు సంతలో జనం కొండవైపు పరుగెత్తారు.

హమూద్ బండి కొండ దిగొస్తూ పడిన ఆఖరి మలుపులో బ్రేకులు కాలిన కంపు ఇంకా పోలేదు. వెనకున్నవాళ్ళు దూకేశారు. తఖియ్యా గులకరాళ్ళలో పడింది. డ్రైవరు వైపును బండరాయి నుగ్గు చేసింది. పొద్దు వాలకముందే హమూద్‌ను మట్టిలో పెట్టారు.

తఖియ్యా చేతికి కట్టుతో కొట్టులో బల్లమీద కూర్చుంది.

"అన్నా, ముల్లు ముప్పై దాటలేదు. కళ్ళార్పకుండా చూస్తూనే ఉన్నా. నేనే సరిగ్గా చూళ్ళేదంటావా?"

ఔననేస్తే ముక్బిల్ బతికిపోతాడు. అనలేకపోయాడు.

"నువ్వు సరిగ్గానే చూశావమ్మా. పెద్ద చక్రాలేస్తే ముల్లు తక్కువ చూపిస్తుంది."

"ఆయనకి తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"నవ్వాను."

తఖియ్యా లేచి ఊరి ఆడవాళ్ళతో కొండదారి పట్టింది. ముక్బిల్ వెనకే నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. తర్వాత ఏ గురువారమూ ఆమె కొండ దిగలేదు.

వాగు దారి బాగుపడి చాలాకాలమైంది. ఆ సైజు చక్రాల కోసం ఎవరైనా అడిగితే, అవి ఒకళ్ళవంటాడు ముక్బిల్. గోడకు ఆనించిన చిన్న చక్రాల మీద సుద్దతో రాసిన హమూద్ పేరు ఇంకా చెరిగిపోలేదు.