డైరెక్టరు గారి గదిలో కాన్పులు

ఒరేయ్ కాలేజీ బాబులూ, పళ్లికిలించింది చాలు, ఇటు రండి! మీకు గుండె పట్టేస్తే అంబులెన్సుకి ఏ వీధని చెబుతారు? చెబుతార్లే, మీ వీధులకి పేర్లున్నాయి. మా కైరోలో సున్నంబట్టీల బస్తీకి లేవు.

నేను అంబులెన్సు కేంద్రంలో ఫోనెత్తేవాణ్ణి. కాంట్రాక్టరొకడు కొత్త కంప్యూటర్లు పెట్టాడు. వీధి పేరు కొట్టకపోతే బండి కదలదు.

ఒక మధ్యాహ్నం నా పక్క సీటులో ఫోనెత్తే నవాల్‌కి బస్తీ నుంచి ఫోనొచ్చింది.

"కోడలికి కాన్పయిందమ్మా, నెత్తురాగట్లేదు!"

"ఎక్కడత్తా?"

"లివరు వేపుడమ్మే హమ్మూదా బండి పక్క సందు, పచ్చ తలుపు!"

ఆ సందు మా అందరికీ తెలుసు. కంప్యూటరుకే తెలీదు. నవాల్ డైరెక్టరు షౌకత్ బే దగ్గరికి పరుగెత్తింది.

"పటంలో లేని చోట రోగులెలా ఉంటారమ్మా?" అన్నాడాయన, టీలో చక్కెర కలుపుకుంటూ.

కోడలు చచ్చిపోయింది. అవతల ఆ అత్త ఏడుస్తుంటే నవాల్ ఫోను పెట్టలేకపోయింది.

కొన్నాళ్లకి టీ గదిలో పోట్లాట.

"సమ్మె చేద్దాం!" అన్నాడు మాతోపాటు ఫోన్లెత్తే మహ్రూస్.

"ఫోన్లెవరెత్తుతారు, మీ బాబా?" అంది నవాల్.

నేను మీసం తిప్పాను. "కంప్యూటరుకి వీధేగా కావాలి? షౌకత్ బే ఆఫీసు వీధి కొట్టండి. అసలు చోటు డ్రైవరుకి వైర్‌లెస్‌లో చెప్పండి."

"నీ బుర్రే బుర్ర బాబాయ్!" అని అందరూ చప్పట్లు కొట్టారు.

బస్తీకి బళ్లు పోతున్నాయి. మనుషులు బతుకుతున్నారు. రికార్డులో మాత్రం కాన్పులు, మూర్ఛలు, తేలుకాట్లు అన్నీ షౌకత్ బే ఆఫీసులోనే! పైవాళ్లు విచారణకొచ్చారు. షౌకత్ బే పోలీసుల్ని వెంటబెట్టుకుని మా గదిలోకొచ్చాడు.

"తప్పుడు చిరునామా కొట్టిందెవడు?"

నేను లేచాను. నవాల్ లేచింది. "నేనూ!" అన్నాడు మహ్రూస్. రోగులతో మాట్లాడుతున్నవాళ్లు ఫోను దించకుండానే చేతులెత్తారు. గది మొత్తం చేతులే.

పోలీసులు నన్నూ నవాల్‌నీ వ్యానెక్కించారు. సంగతి తెలిసి బయట బస్తీ జనం వ్యానుకి అడ్డంగా కూర్చున్నారు. ముందు వరసలో ఆ అత్త, ఒళ్లో తల్లిలేని పసిగుడ్డు.

"మా సందుకి బండొస్తుందని రాసివ్వండి! లేకపోతే మా మీద నుంచి పోనీండి!"

నా ఛాతీ ఉబ్బింది. "చూశావా పిల్లా, నా ఒక్క కొంటె పనికి ఊరంతా లేచింది!"

నవాల్ కళ్లు తుడుచుకుంది. "నీదా? ఆ కోడలు పోయిన మర్నాటి నుంచీ మేమంతా ఆ వీధే కొడుతున్నాం బాబాయ్. నీ నోట్లో నువ్వుగింజ నానదని నీకొక్కడికే చెప్పలేదు."