ఒక్కరోజు ఫోర్ వీల్ బండి

షోరూమువాళ్లు కొత్త ఫోర్ వీల్ పికప్పును ఒక్కరోజు నడిపి చూసుకోమని ఇచ్చినప్పటి నుంచి డ్రైవరమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దున్నే బండి చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. టైర్లు తట్టింది, తలుపులు తీసింది, వేసింది, మళ్లీ తీసింది. కాఫీ గ్లాసు బానెట్ మీద పెట్టి మర్చిపోయింది.

ఆమె, తమ్ముడు కలిసి చెట్లు కొట్టే పని చేస్తారు. తమ్ముడు తాడు కట్టుకుని పైకెక్కి కొమ్మలు కోస్తాడు. అందుకే అందరూ అతన్ని ఉడుత అంటారు. కోసిన సరుకంతా తోలడం అక్క వంతు. పన్నెండేళ్లుగా ఆమె నడుపుతున్నది పాత పికప్పు, వెనక రెండు చక్రాలే తోసే బండి. కిందటి నెల ఒక పండ్లతోటలో అది ఇరుసు దాకా బురదలో దిగబడింది. పక్క జట్టువాళ్లు నాలుగు చక్రాలూ తోసే తమ ఫోర్ వీల్ బండికి గొలుసు కట్టి లాగారు. లాగి ఊరుకున్నారా? "అక్కా, రేపటి నుంచి వెనకాల తోసేవాళ్లను కూడా పెట్టుకోండి" అని పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆమెకు ఇంకా చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది.

"ఇవాళ దర్జీ పెద్దాయన ఇంటికే కదా?" అంది తాళం తిప్పుతూ.

"అవును. కానీ బండి రోడ్డు మీదే పెడదాం. రెండు రోజులుగా వాన, ఆయన ఇంటి వెనక మెట్ట మీద గడ్డి జారుడుగా ఉంటుంది. ఎప్పట్లాగే తాడేసి కిందికి లాగేద్దాం" అన్నాడు ఉడుత.

"రోడ్డు మీద పెట్టడానికా దీన్ని తెచ్చింది? అలంకారానికి తెచ్చానా?"

"నీ ఇష్టం. నా మాట ఎప్పుడు విన్నావు గనక!"

దర్జీ పెద్దాయన ఇల్లు వాలు అడుగున ఉంది. ఇంటి వెనక మెట్ట మీద గాలివానకు విరిగిన పెద్ద చెట్టొకటి కప్పుకేసి ఒరిగి ఉంది. ఆయన వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని, చొక్కాకు గుండీలు కుడుతూ కూర్చున్నాడు.

"నిదానం, నాయనా. ఇల్లు మటుకు నాకు మిగల్చండి" అన్నాడు.

డ్రైవరమ్మ మీట తిప్పి నాలుగు చక్రాలకూ ఊపు అందించింది. తడిగడ్డి మీద బండి ఒక్క ఉదుటున, ఎక్కడా ఆగకుండా, మెట్ట మీదికి ఎక్కేసింది. ఆమెకు ఒళ్లు పులకరించింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "చూశావురా!" అని అరిచింది. మోకు భుజాన వేసుకుని నడిచొస్తున్న ఉడుత తలూపాడు. నిజానికి అతనికీ ముచ్చటేసింది. కొమ్మలు ఈడ్చి ఈడ్చి నడుము పట్టేసిన మనిషి మరి.

మధ్యాహ్నానికల్లా చెట్టు నేలకు దిగింది. కొమ్మలన్నీ వాలు సగంలో, ఒక పక్కగా, కుప్ప పోశారు. దుంగలు మాత్రం బండిలోకి ఎత్తారు. నాలుగు చాలన్నాడు తమ్ముడు. ఆమె తొమ్మిది ఎత్తించింది. ఎందుకో ఆగబుద్ధి కాలేదు. ఈ బండి ఎంత మోస్తుందో ఇవాళే తేల్చుకోవాలి, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి కదా.

దిగడం మొదలుపెట్టిన పది గజాలకే అర్థమైంది. బ్రేకు తొక్కింది. చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. తడిగడ్డి మీద, రంపపు పొట్టు మీద, సబ్బు జారినట్టు జారుతోంది. వెనక దుంగల బరువు ముందుకు తోస్తోంది. ఎదురుగా వెనక గుమ్మం, కుర్చీ, కుర్చీలో సూదికి దారం ఎక్కించుకుంటున్న పెద్దాయన.

"బాబాయ్, లే! పక్కకి!" పైనుంచి ఉడుత కేక.

డ్రైవరమ్మ పన్నెండేళ్ల చెయ్యి దాని పని అది చేసింది. బ్రేకు వదిలేసింది. చక్రాలు మళ్లీ తిరిగి నేలను పట్టుకోగానే స్టీరింగు పక్కకు తిప్పి, బండిని నేరుగా కొమ్మల కుప్పలోకి తోసింది. ఫెళఫెళమని కొమ్మలు విరిగాయి. బండి పక్క అద్దం ఊడింది. బండి ఆగింది.

ఉడుత పరుగున వచ్చి తలుపు లాగాడు. "దెబ్బ తగిలిందా?"

"లేదు."

అతను తిట్టలేదు. బండి పక్కనే తడిలో కూలబడ్డాడు. తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు.

పెద్దాయన నెమ్మదిగా నడిచొచ్చి చూశాడు. "ఎక్కేటప్పుడు బాగానే ఎక్కిందే, అమ్మా?"

"ఎక్కడానికి నాలుగు చక్రాలూ తోస్తాయి బాబాయ్ గారూ. ఆపేటప్పుడు ఏ బండైనా ఒకటే. అది తెలిసి కూడా మర్చిపోయాను. తప్పు నాదే" అంది.

దుంగలన్నీ దించేశారు. ఖాళీ బండిని మొదటి గేరులో, బ్రేకు ముట్టకుండా, అంగుళం అంగుళంగా దింపింది. తర్వాత చీకటి పడబోయే దాకా అక్కా తమ్ముడూ తాడేసి ఒక్కో దుంగనూ రోడ్డుకు చేర్చారు.

షోరూములో అద్దం సంగతి తనే చెప్పి, బాగు చేయించి ఇస్తానంది. సేల్స్ కుర్రాడు మొహం మాడ్చుకుని, "ఇంతకీ తీసుకుంటారా మేడమ్?" అన్నాడు.

"రేపు చెప్తాను."

ఇంటికెళ్లి పనుల పుస్తకం ముందేసుకున్నారు. ఏడాదిలో చేసిన నూటపదహారు పనుల్లో రోడ్డు దిగాల్సి వచ్చినవి పదకొండు. ఉడుత రెండుసార్లు లెక్కపెట్టాడు.

"పదకొండేరా?"

"పదకొండే అక్కా. మనకు మంచి టైర్లు, ముందు బంపరుకు దుంగలు లాగే ఒక వించి చాలు. బురద పని వస్తే ఆ రోజుకు ఫోర్ వీల్ అద్దెకు తెచ్చుకుందాం. కొండపక్క పనులు పెరిగితే అప్పుడు కొందాం."

ఆమె ఒప్పుకుంది. పాత బండికే కొత్త టైర్లు వేయించారు, వించి బిగించారు. మనసు మాత్రం అంత తేలిగ్గా కుదుటపడలేదు. దారిలో ఫోర్ వీల్ పికప్పు కనిపిస్తే ఇప్పటికీ మెడ దానంతటదే తిరుగుతుంది. పక్కనున్న ఉడుత, "రోడ్డు చూడు తల్లీ" అంటాడు. వాలు పని వచ్చిందంటే మాత్రం, ముందు బండి దిగి, పైనుంచి కింది దాకా ఆ నేలంతా కాళ్లతో తొక్కి చూసిగాని ఆమె తాళం తిప్పదు.