నారుకట్ట తొక్కిన ఆసామి

వెంకట్రాజు గారి పొక్లెయిన్ మా పుంత దారిని మింగేసింది. మండవల్లి అవతల ఉన్న మా పేట నుంచి కొల్లేట్లోకి పోవడానికి ఆ ఒక్క దారే ఉంది. వలలు వేసేవాళ్ళూ గడ్డి కోసేవాళ్ళూ దాని మీదే బతుకుతున్నారు. అడ్డం పడుకున్న ముసలి కరుణమ్మను ఆయన మనుషులు చేతులు పట్టి ఈడ్చి అవతల పడేశారు. సాయంత్రానికల్లా దారి మీద చేపల చెరువు గట్టు లేచింది.

ఆ వారమే ఏలూరు నిండా ఆయన ఫ్లెక్సీలు కూడా లేచాయి. ‘మట్టి పాటకు మళ్ళీ ప్రాణం’ అట. జానపద ఉత్సవానికి అయ్యగారే అధ్యక్షులు.

నాట్ల పాటలు పాడమని మాకు పిలుపు తెచ్చింది మునీరా. ఏలూరు కాలేజీలో చదివే పిల్ల. మా చేలల్లో తిరిగి పాటలు రికార్డు చేసుకుంటూ ఉంటుంది. పిలుపు తెచ్చింది గాని సిగ్గుతో తలెత్తలేకపోయింది.

“దారి తవ్వినోడి ముందు పాడతామా? మనకేం సిగ్గులేదా?” అని కెజియా లేచింది. మా జట్టులో అందరికన్నా చిన్నది.

“ఆయనింటికెళ్తే గేటు కాడే తోసేత్తారు. ఇక్కడైతే పిలిచి మైకిత్తన్నాడు,” అంది పాట ఎత్తే రాజకుమారి. “ఏ పాట కావాలంటమ్మా?”

“గట్టు పాటండి. ఆసామిగా ఆయనే నిలబడతారంట.”

పేటంతా నవ్వింది. నాట్లప్పుడు ఆసామి గట్టు మీదికొస్తే ఆయన కాళ్ళ ముందు నారుకట్ట పెట్టి, చుట్టూ నిలబడి, కావలసింది పాటలోనే అడుగుతాం. ఒప్పుకునేదాకా ఆసామి ఆ కట్ట దాటకూడదు. ఎంత మోతుబరైనా దాటడు. ఉత్సవం పెద్దలకు ఇది భలే ముచ్చటగా తోచింది. మేం చీరలు అడుగుతామనీ, ఆయన ఇస్తుంటే ఫొటోలు తీయించుకోవచ్చనీ వాళ్ళ లెక్క. చీరలు ముందే కొని బల్ల మీద పేర్చారు.

ఏలూరు జానపదానికి గొప్ప చరిత్ర ఉందని యాంకరమ్మ మురిసిపోతూ చెప్పింది. ఉంది. మా నాయనమ్మలు ఏలూరు మిల్లు గేటు దగ్గర కూలి పెంచమని పాడి లాఠీలు తిన్నారు. అప్పుడు దాన్ని ఎవరూ కళ అనలేదు. పాటలోంచి ఆకలిని ఏరేశాక ఈ పెద్దమనుషులకు అది సంప్రదాయమయింది. వాళ్ళను చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

వెంకట్రాజు గారు పట్టుపంచె కట్టుకుని చెప్పులతోనే స్టేజి మధ్యకొచ్చారు. రాజకుమారి నారుకట్ట పెట్టి పాట ఎత్తింది:

“చీర మాకొద్దయ్యా, సొమ్ము మాకొద్దయ్యా,
గట్టు కొట్టి మా దారి ఇచ్చి పోవయ్యా.”

మేం వంత అందుకున్నాం. ఆయన నవ్వు ఎండిపోయింది.

“ఆపండమ్మా. ప్రోగ్రాం పాడుచేయకండి.”

“ఎత్తుకున్న పాట మజ్జెలో ఆపకూడదండి. తమరు ఒప్పుకోండి, మేం కూర్చుంటాం,” అంది రాజకుమారి ఎంతో మర్యాదగా.

ఆయన చెయ్యి ఊపితే మైకు ఆగింది. మా గొంతులకు మైకుతో పనేముంది? పాట ఇంకా పెరిగింది. అప్పుడు ఆయన నారుకట్టను చెప్పుకాలితో తొక్కి దాటాడు.

ముందు వరసలో ముదినేపల్లి, భీమడోలు రైతులున్నారు. అందరూ ఆయన పిలిచినవాళ్ళే. వాళ్ళలో ఒక పెద్దాయన లేచాడు.

“నారు తొక్కావేంటయ్యా రాజూ,” అని బయటికి నడిచాడు. ఆయన వెనకే మరికొందరు నడిచారు. వెనక వరసల్లోంచి మునీరా లేచి వంత అందుకుంది. కాలేజీ పిల్లలు, మిల్లు కార్మికులు ఆమెతో గొంతు కలిపారు.

పోలీసులు రాజకుమారిని స్టేజి మీంచే ఈడ్చుకుపోయారు. సభకు అంతరాయమట. మట్టి పాటకు ప్రాణం పోసిన తీరు అది.

మర్నాడు పొద్దున్నే పేటంతా పారలతో గట్టెక్కింది. మునీరా తోటి విద్యార్థులను బస్సెక్కించి తెచ్చింది. మోతుబరుల మోటార్‌సైకిళ్ళు దూరంగా ఆగి చూశాయి గాని దగ్గరికి రాలేదు. అంతమంది మీదికి ఎలా వస్తారు? కెజియా పాట ఎత్తింది. మేం వంత పాడుతూ తవ్వాం. మధ్యాహ్నానికి గట్టు తెగింది. వలలు కొల్లేట్లోకి వెళ్ళాయి.

సాయంత్రం పోలీసులు వచ్చి కెజియాను కూడా పట్టుకుపోయారు. పక్క పేటలో కూడా పుంత మూసేశారట, రమ్మని కబురొచ్చింది. రేపు పోతున్నాం. ఇన్నాళ్ళూ వంతలో ఉన్నదాన్ని, అక్కడ పాట నేనే ఎత్తుతాను.